సూర్యాపేట దాటాక నన్ను ఆదుకున్న పెద్దాయనకు

పోయిన ఆదివారం విజయవాడ హైవే మీద, సూర్యాపేట దాటాక పంక్చర్ షాపు దగ్గర మీరు టీ తాగుతున్నారు. ఎర్ర స్పోర్ట్స్ కారు ఆపి, తడిసిన మ్యాట్ పట్టుకుని నిలబడ్డది నేనే.

కారు కొని రెండు నెలలు కాలేదు. బ్రేకు వేసినప్పుడల్లా డాష్‌బోర్డు వెనక బిందె కదిలినట్టు గుడగుడమని చప్పుడు, మా ఆవిడ కాళ్ల కింద నీళ్లు. షోరూమ్‌కి ఫోన్ చేస్తే "వచ్చే వారం తీసుకురండి" అన్నారు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం కారుతోందేమోనని నాకు ఒకటే టెన్షన్.

మీరు వేలు తడిపి వాసన చూశారు. "ఉత్త నీళ్లే సార్. ఏసీ నడుస్తుంటే బండి కింద చుక్కలు పడాలె. మీ బండి కింద పొడిగుంది చూడుండ్రి" అన్నారు. ఏసీలో చల్లగా ఉండే గొట్టాల చుట్ట (కాయిల్) మీద గాలిలోని తేమ నీరై ఒక రబ్బరు పైపులోంచి బయటికి పోతుందని, అది పూడుకుపోతే లోపలికే కారుతుందని అప్పుడే తెలిసింది. అంత డబ్బు పోసి కొన్నాను, ఈ ముక్క తెలియదు!

కారేమో నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. ముందు టైర్లు చెక్కల మీదికెక్కించి, అట్టముక్క పరుచుకుని కిందికి దూరారు. సన్నటి ప్లాస్టిక్ పైపుతో గెలికితే మొదట మట్టిపెళ్లలు రాలాయి. మట్టితో గూళ్లు కట్టే కందిరీగ గూడట! వెంటనే చెంబెడు నీళ్లు మీ చొక్కా మీదే పడ్డాయి. మీరు నవ్వారు.

డబ్బులిస్తే తీసుకోలేదు, కనీసం పేరు కూడా చెప్పలేదు. మ్యాట్ ఎండలో ఆరేయమని మాత్రం రెండుసార్లు చెప్పారు. ఆరేశాను. వాసన కూడా పోయింది. చాలా థాంక్స్ అండీ.