విసెరా నివేదికలోని అంకెను ఎలా చదవాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. రాయగడ జిల్లా గుణుపురంలో వకీలు వృత్తి చేసుకొంటున్న నేను ఈ విన్నపం పంపుకొంటున్నాను. వంశధార ఒడ్డున తెలుగు, ఒడియా, సవర కలగలిసి వినిపించే ఊరు మాది. అనుమానాస్పద మరణం కాగితాలు పట్టుకొని వచ్చేవారికి వీటిలో ఏదో ఒకటి వచ్చు, నివేదిక మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అది వేరే బాధ.

నిరుడు ఒక కుటుంబం వచ్చింది. ఆ ఇంటి కోడలు మలేరియాకు మూడు రోజులు మాత్రలు వేసుకొని, మరుసటి వారం నిద్రలోనే కన్నుమూసింది. విసెరా పరీక్షలో, అంటే శవం నుంచి తీసిన లోపలి అవయవాల పరీక్షలో, కాలేయంలో క్లోరోక్విన్ ఉన్నట్టు తేలింది. ఎంత ఉందో వ్రాయలేదు. తుది అభిప్రాయం మాత్రం ‘క్లోరోక్విన్ విషప్రభావం వల్ల మరణం’ అని ఒకే వాక్యంలో వచ్చింది. అత్తింటివారు పోలీసు స్టేషను చుట్టూ తిరుగుతున్నారు. ఆమె మందుల చీటీ ఏదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మలేరియా రోగికి కిలో బరువుకు 25 మిల్లీగ్రాముల లెక్కన మూడు రోజుల్లో ఇచ్చే ఈ మందు రక్తంలో కంటే కాలేయం వంటి అవయవాల్లో ఎన్నో రెట్లు పేరుకొని, వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది కనుక, చికిత్స పొందిన మనిషి కాలేయంలో అది దొరకడం వింత కాదు, దొరకకపోతేనే వింత. పైగా ప్రాణం పోయాక కణాలు చితికి, అవయవాల్లోని మందు పక్కనున్న రక్తనాళాల్లోకి దిగుతుంది. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్, మానసిక వైద్యంలో వాడే అమిట్రిప్టిలిన్ కూడా ఇలాగే నడుచుకొంటాయి. గుండెలోంచి తీసిన రక్తంలో కనిపించే మోతాదు తొడలోని సిర (రక్తనాళం) నుంచి తీసిన రక్తంలోని దానికంటే బాగా ఎక్కువ ఉండవచ్చు. పుస్తకాల్లోని ‘ప్రాణాంతక స్థాయి’ పట్టికలను పక్కన పెట్టుకొని ఆ అంకెను చదివితే పొరపాటు తప్పదు, ఎందుకంటే వాటిలోని చికిత్స స్థాయిలు చాలావరకు బతికున్నవారి ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవ భాగంలో, కొలిచినవి.

మద్యం సంగతీ అంతే. కొండ ఊరి నుంచి ఎండలో మోసుకొచ్చిన శవం కుళ్లడం మొదలైతే, చుక్క ఇప్పసారా ముట్టని మనిషి రక్తంలోనూ సూక్ష్మజీవులు ఆల్కహాలును పుట్టించగలవు. నమూనాలో ఆ సూక్ష్మజీవులను అడ్డుకొనే సోడియం ఫ్లోరైడ్ కలిపి, కంటిలోని ద్రవాన్ని కూడా పరీక్షిస్తే తేడా తెలుస్తుంది.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. పారాసిటమాల్ మోతాదు మించి మింగి, కొన్ని రోజులకు కాలేయం చెడి చనిపోయిన వ్యక్తి రక్తంలో ఆ మందు జాడ మిగలకపోవచ్చు. ‘కనబడలేదు’ అన్న మాట చూసి విషం లేదని తీర్పు చెప్పుకోవడం ఎంత అన్యాయమో! క్యాన్సర్ నొప్పికి రోజూ మార్ఫిన్ తీసుకొనేవారు తట్టుకొనే మోతాదు, అలవాటు లేనివారి ఊపిరి ఆపేస్తుంది. మనిషి చరిత్ర తెలియనిదే అంకె ఏమీ చెప్పదు.

పూర్వపు నేర ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 174వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను కింద పోలీసులు శవపంచనామా చేస్తారు. అయితే నమూనా తీసేదీ, చివరకు కారణం వ్రాసేదీ మీ శాఖ వైద్యులు. అందుకే ఈ విన్నపం మీకు. పోస్టుమార్టం జరిగే ప్రతి ఆసుపత్రిలో ఫ్లోరైడ్ కలిపిన రక్తపు గొట్టాలు ఉంచి, తొడ సిర నుంచి రక్తం తీయడం తప్పనిసరి చేయండి. నమూనా ఎక్కడి నుంచి తీశారు, మరణించాక ఎన్ని గంటలకు తీశారు, బతికుండగా ఏ మందులు వాడారు అన్న వివరాలు లేనిదే తుది అభిప్రాయం చెల్లదని ఉత్తర్వు ఇవ్వండి. ఖర్చు పెద్దదేమీ కాదు.

ఆ కోడలి విషయంలో తొడ రక్తం తీయనే లేదు. మళ్లీ పరీక్షించమని కోర్టును అడగడానికి ఇప్పుడు నా చేతిలో మిగిలింది, ఆమె దిండు కింద దొరికిన ఖాళీ మాత్రల అట్ట ఒక్కటే.

ఇట్లు,
గుణుపురం న్యాయవాది