దైరా మీర్ మోమిన్ రాళ్లకు సున్నం వేయనివ్వకండి సార్

పాతబస్తీ వారసత్వ కట్టడాల బాధ్యత చూస్తున్న అధికారి గారికి,

నమస్కారం సార్. పోయిన వారం సుల్తాన్‌షాహీ దగ్గరున్న దైరా మీర్ మోమిన్ అనే పాత శ్మశానానికి వెళ్లాను. ఒక నల్లరాతి సమాధి మీద చెక్కిన ఫార్సీ అక్షరాల్లో సున్నం గట్టిపడిపోయి ఉంది. వేలితో తడిమితే గానీ అక్కడ రాత ఉందని తెలియలేదు, మనసు చివుక్కుమంది.

1591లో హైదరాబాద్ కట్టినప్పుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ, ఇరాన్ నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి, చార్మినార్‌తో సహా ఊరి నమూనా వెనక ఉన్నారని చెప్పే ఆయనే, ఈ శ్మశానానికీ నేల ఇచ్చారు. ఇరాక్‌లోని పవిత్ర స్థలం కర్బలా నుంచి మట్టి తెప్పించి ఇక్కడ కలిపించారని పెద్దలు చెప్పుకుంటారు. బతికున్నవాళ్లకి వీధులు గీసిన మనిషి చనిపోయేవాళ్ల గురించి కూడా ఆలోచించారు చూడండి! ఆయనా ఇక్కడే ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియం సరుకులో చాలా భాగం పోగుచేసిన మూడో సాలార్‌జంగ్ కూడా, 1949 నుంచి.

మ్యూజియానికి టికెట్ కొని వెళ్తాం, ఆయన సమాధి ఎక్కడుందో మాత్రం ఎంతమందికి తెలుసు?

పెద్ద ప్రాజెక్టులేం అడగట్లేదు సార్. పాత రాళ్ల మీద సున్నం, పెయింట్ వేయడం ఆపించండి. ఫార్సీ చదవగలిగినవాళ్లు ఇంకా ఉండగానే ఒక్కో రాతనీ ఫొటో తీయించి రాయించండి. గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు పెట్టించండి.

ఇట్లు,
ఒక హైదరాబాదీ