విమాన ప్రయాణానికి ఒక్క అంకె చాలదు

సంపాదకులకు నమస్కారం.

రెండు నగరాల మధ్య దూరమెంత, విమానంలో ఎన్ని గంటలు పడుతుంది అని వెతికితే చాలా వెబ్‌సైట్లు కిలోమీటర్లలో ఒక అంకె, గంటల్లో మరో అంకె చూపి ఊరుకుంటాయి. ఆ గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పేవి అరుదు. మధుమేహం ఉన్న మా బంధువు ఒకరు, టికెట్ మీది స్థానిక వేళలతో తికమకపడి, ఇన్సులిన్, భోజనం వేళలను ఇలాంటి అంకెతోనే లెక్క వేసుకున్నారు. తిరుగు ప్రయాణం అంతకంటే గంటకు పైగా ఎక్కువ పట్టడంతో దారిలో నీరసించిపోయారు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ వెబ్‌సైట్లు ఇచ్చే దూరం సాధారణంగా భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి. దాన్ని గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కాసేపు కలిపితే వచ్చేదే ఆ సమయం. లెక్కలో తప్పు లేదు. కానీ విమానం ఆ గీత పట్టుకునే వెళ్తుందన్న హామీ లేదు. హెల్సింకి, టోక్యోల మధ్య అతి దగ్గరి దారి సుమారు 7,800 కిలోమీటర్లు. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక ఆ దూరం మారలేదు గానీ, అంతకుముందు తొమ్మిదిన్నర గంటల్లో ముగిసే ప్రయాణం చుట్టుదారిలో సుమారు 13 గంటలకు పెరిగింది.

దారి మారకపోయినా గాలి మారుతుంది. దాదాపు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహాల వల్ల, సుమారు 5,540 కిలోమీటర్ల దూరంలో ఉన్న న్యూయార్క్ నుంచి లండన్‌కు వచ్చేటప్పటికంటే లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు మామూలుగా గంట దాకా ఎక్కువ పడుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి తోడై ఒక విమానం ఐదు గంటలలోపే లండన్ చేరింది. అలాంటప్పుడు రెండు దిశలకూ ఒకే అంకె ఇవ్వడం ఏ విధంగా సరైనది?

విమానయాన సంస్థల కాలపట్టికల్లోని సమయం వేరు. అది గేటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. విమానం నేల మీద రన్‌వే దాకా సాగే సమయం, అక్కడ వంతు కోసం వేచి ఉండే సమయం అందులోనే ఉంటాయి. ప్రయాణికుడికి కావలసింది ఈ లెక్కే. చట్టాలు సైతం ఈ తేడాలను పట్టించుకున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో ఆలస్యానికి ఇచ్చే పరిహారం 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులను బట్టి మారుతుంది కనుక, దూరాన్ని ఏ పద్ధతిలో కొలవాలో నిబంధనలోనే రాశారు. విమానం చేరినట్టు లెక్క ఎప్పుడన్న వివాదంలో, కనీసం ఒక తలుపు తెరిచిన క్షణమే చేరిన సమయమని అక్కడి న్యాయస్థానం 2014లో తేల్చింది.

కొత్త విమాన సర్వీసుల వార్తలు వేసేటప్పుడు, వెళ్లే సమయాన్నీ తిరిగి వచ్చే సమయాన్నీ కాలపట్టిక ప్రకారం విడివిడిగా ఇచ్చి, బయలుదేరే, చేరే వేళలు ఏ ఊరి గడియారం ప్రకారమో పక్కనే రాయించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను. సమయం చూపే వెబ్‌సైట్లు కూడా అది గాలిలో గడిచే సమయం మాత్రమేనా, గేటు నుంచి గేటు దాకానా అన్నది ఆ అంకె కిందే చెప్పాలి.

– ఒక పాఠకుడు