బెంచీ కింద దొరికిన కాగితం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి యూనిట్ టెస్టుల గురించి రాద్దామనుకున్నాను. అవి బాగానే జరిగాయి. మార్కుల షీట్లు పిల్లల చేతికిచ్చాం, సంతకం పెట్టి పంపండి. ఈ ఉత్తరం మాత్రం వేరే సంగతి గురించి.

రెండు వారాల కిందట పదో తరగతి గదిలో ఒక బెంచీ కింద నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం దొరికింది. పైన 'సస్పెక్ట్స్' అని రాసి ఉంది. కింద క్లాసులోని పదకొండు మంది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక కారణం: 'అసలు మాట్లాడదు', 'ఫోన్ ఎవరికీ చూపించడు', 'అన్నిటికీ నవ్వుతాడు'. మొదటి పేరు ఈ ఏడాదే కొత్తగా చేరిన అమ్మాయిది.

ఆరా తీస్తే, సగం క్లాసు 'స్క్రీమ్' అనే అమెరికన్ సీరియల్ చూస్తోందనీ, ఇది అందులోంచి పుట్టిన ఆట అనీ తేలింది. చూడకుండా తిట్టడం భావ్యం కాదని నేనూ మొదటి రెండు సీజన్లు చూశాను. మొదటిది 10 ఎపిసోడ్లు, రెండోది 12. కొన్ని చోట్ల కళ్లు మూసుకున్నానని ఒప్పుకుంటున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. 1996లో వెస్ క్రేవెన్ తీసిన సినిమా పేరుతోనే ఎమ్‌టీవీ 2015లో దీన్ని మొదలుపెట్టింది. లేక్‌వుడ్ అనే ఊళ్లో హైస్కూల్ పిల్లల్ని ముసుగు మనిషి ఒక్కొక్కరినే చంపుతుంటాడు. ఇలాంటివాటిని స్లాషర్ అంటారు. నెత్తురు చాలానే ఉంది. చిన్న తరగతుల పిల్లలకు ఇది అసలు వద్దు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

పెద్దపిల్లల విషయంలో మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది నెత్తురు కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే నోవా అనే కుర్రాడు, స్లాషర్ కథని సీరియల్‌గా తీయడం కుదరదంటాడు. నిజమే, సినిమా అయితే చివరికి ఒక అమ్మాయి ప్రాణాలతో బయటపడగానే అయిపోతుంది. సీరియల్‌లో ఆ అమ్మాయి మళ్లీ స్కూలుకి రావాలి. రెండో సీజన్‌లో ఎక్కువ భాగం ఇదే. కథలో ముఖ్య పాత్ర అయిన ఎమ్మా కొన్ని నెలలు దూరంగా ఉండి, కాస్త కోలుకుని తిరిగొస్తుంది. పీడకలలు, ఉన్నట్టుండి కళ్ల ముందు మెదిలే దృశ్యాలు, తనకే తన మీద నమ్మకం చాలకపోవడం. అందరూ ఆమెని జాగ్రత్తగా చూస్తుంటారు, ఆ జాగ్రత్తే ఆమెకి ఊపిరాడనివ్వదు. ఈ భాగం బాగా తీశారు. పెద్ద దెబ్బ తిన్న పిల్లలు ఏడుస్తూనే ఉంటారని మనం అనుకుంటాం. చిరాకు, నిద్రలేమి, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం కూడా ఆ దెబ్బ గుర్తులే. అవి నెల దాటినా తగ్గకపోతే వయసు ప్రభావమని వదిలేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఇక అనుమానం. హంతకుడు ఎవరైనా కావచ్చని చూసేవాళ్లకి అనిపించకపోతే ఈ కథ నడవదు. అందుకని ప్రతి స్నేహితుడి చేతా ఏదో ఒకటి దాచిపెట్టిస్తారు. మౌనంగా ఉన్నవాళ్ల మొహం మీద కెమెరాని రెండు క్షణాలు ఎక్కువసేపు ఆపుతారు. అది కథ రాసేవాళ్ల అవసరం. మన క్లాసులో మాట్లాడని పిల్ల చాలాసార్లు ఉత్త మాట్లాడని పిల్ల, అంతే.

కాగితంలో మొదటి పేరున్న ఆ కొత్త అమ్మాయి వారం రోజులు లైబ్రరీలో కూర్చుని భోజనం చేసిందని మాకు ఆలస్యంగా తెలిసింది. అది మా లోపం.

కాగితం రాసిందెవరో కనిపెట్టాలని నేనూ ఉబలాటపడ్డాను. దస్తూరీ పోల్చి చూద్దామని నోట్‌బుక్కులన్నీ తెప్పించాను. టేబుల్ మీద ఆ గుట్ట చూశాక సిగ్గేసింది. నేను ఆడుతున్నదీ అదే ఆట కదా! తెరవకుండానే తిప్పి పంపేశాను. మర్నాడు ఇద్దరు పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి చెప్పారు. ఆ అమ్మాయితోనూ మాట్లాడారు. వాళ్ల పేర్లు దయచేసి నన్ను అడగకండి, పిల్లల్నీ అడగకండి.

సీరియల్ చూడొద్దని స్కూలు తరఫున ఆర్డరు వేయడం లేదు. వేస్తే దుప్పటి కింద చూస్తారు. ఇంట్లో ఓటీటీ యాప్‌లో చిన్నపిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టి, పెద్దవాళ్లదానికి పిన్ పెట్టండి. పదో తరగతివాళ్లు ఎలాగూ చూస్తున్నారనుకుంటే, ఒక్క ఎపిసోడ్ పక్కన కూర్చుని చూడండి, మొదటిదైతే మేలు. ఆ కథ ఫోన్‌తో మొదలవుతుంది. ఆడ్రీ అనే అమ్మాయి మరో అమ్మాయిని ముద్దుపెట్టుకుంటుంటే చాటుగా తీసిన వీడియోని తోటిపిల్లలే అందరికీ పంచేస్తారు. తీస్తున్నప్పుడు ఎమ్మా అక్కడే ఉందని, ఆపలేదని తర్వాత తెలుస్తుంది. ఎమ్మా చోటులో నువ్వుంటే ఏం చేసేదానివని మీ అమ్మాయినో అబ్బాయినో అడిగి చూడండి. రెండో సీజన్‌లో ఇంకో సంగతి ఉంది. చంపేసిన కుర్రాడి ఫోన్ నుంచి హంతకుడు మెసేజ్‌లు పంపుతుంటే, వాడు బాగానే ఉన్నాడని స్నేహితులు నమ్ముతారు. మీ పిల్లల స్నేహితుల్లో మెసేజ్‌లలో తప్ప బయట కనిపించనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో, ఆ సందర్భంలో అడగొచ్చు.

నిద్రపట్టకపోతున్నా, ఒంటరిగా ఉండటానికి భయపడుతున్నా క్లాస్ టీచరుకి ఒక చీటీ రాసి పంపండి. కౌన్సెలర్ రోజూ చివరి పీరియడ్‌లో ఉంటారు. పిల్లలు తమంతట తాముగా వెళ్లొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు

తా.క. హంతకుడెవరో మాత్రం నేను చెప్పను. ఇంకా చూడనివాళ్లు ముగ్గురున్నారట, పదో తరగతివాళ్లు నా చేత ఒట్టు వేయించుకున్నారు.