చెవీలకి ఉత్త విన్ రిపోర్ట్ ఇక ఇవ్వట్లేదండి

అందరికీ నమస్తే. డాలస్ చుట్టుపక్కల పాత మజిల్ కార్లు (పెద్ద ఇంజిన్ ఉన్న పాత అమెరికన్ కార్లు) కొనే మనవాళ్ళ కోసం విన్ (వీఐఎన్, అంటే కారు గుర్తింపు నంబర్) డీకోడింగ్, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నాం కదా, అందులో ఒక మార్పు. ఈ నెల నుంచి షెవర్లేలకి (చెవీ అన్నా ఇదే) విన్ ఫోటో ఒక్కటే చూసి రాసిచ్చే రిపోర్ట్ ఆపేస్తున్నాం. మాకు ఎక్కువ ఆర్డర్లు దాంట్లోనే వచ్చేవి, ఆదాయం తగ్గుతుంది, తెలిసే చేస్తున్నా. ఎందుకంటే మా రిపోర్ట్ తీసుకెళ్ళి అమ్మకం యాడ్‌లో "వెరిఫైడ్ ఎస్ఎస్" (ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, ఖరీదైన పవర్‌ఫుల్ వెర్షన్) అని పెట్టేస్తున్నారు కొందరు, మేం ఆ మాట ఎక్కడా రాయలేదు, రాయలేం కూడా.

1969 కమారో తీసుకోండి. 124379ఎన్ అని మొదలైతే 1 షెవర్లే, 24 అంటే వీ8 కమారో, 37 కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే ఒహాయోలోని నార్వుడ్ ప్లాంట్, తర్వాతది సీరియల్. అంతే, అయిపోయింది. ఎస్ఎస్ లేదు, జెడ్28 (కమారోలో ఇంకో స్పెషల్ వెర్షన్) లేదు, 307 క్యూబిక్ ఇంచుల ఇంజిన్‌తో వచ్చిన మామూలు బండికీ 396 ఎస్ఎస్‌కీ ఇదే మొదలు. షెవెల్ (షెవర్లేలోనే ఇంకో మోడల్)లో కొంచెం నయం, 1966 నుంచి 68 దాకా 138 సిరీస్ ఉంటే ఎస్ఎస్ 396 అని చెప్పొచ్చు, 1969లో ఎస్ఎస్‌ని ఆప్షన్ ప్యాకేజ్ చేసేశారు, ఇక విన్‌లో కనపడదు. 1972కి ఇంజిన్ లెటర్ వచ్చింది, అక్కడ డబ్ల్యూ ఉంటే 454.

మరి చెవీకి ఏం చూడాలంటే బిల్డ్ షీట్ (ఫ్యాక్టరీలో ఆ కారుకి ఏమేం పెట్టాలో రాసిన కాగితం) దొరికితే అదృష్టం, లేకపోతే ఇంజిన్ బ్లాక్ ముందు, ప్యాసింజర్ సైడ్ హెడ్ కింద ఉండే ప్యాడ్ మీద స్టాంపింగ్, దాంట్లో సీరియల్ కారుతో కలుస్తుందా, ఫ్యాక్టరీ మెషినింగ్ గీతలు అలాగే ఉన్నాయా లేక ఎవరైనా గ్రైండ్ చేసి కొత్తగా కొట్టారా అని. ఇది ఫోటోలో తేలదండి, దగ్గరికెళ్ళి లైట్ వేసి చూడాల్సిందే. కౌల్ ట్యాగ్‌ని (ఇంజిన్ వెనక గోడకి ఉండే ఫ్యాక్టరీ రేకు) నమ్మి డబ్బులు కట్టకండి, రీప్రొడక్షన్ ట్యాగ్‌లు కొనుక్కోవచ్చు.

ఫోర్డ్, మోపార్ (క్రైస్లర్ కంపెనీ ప్లిమత్, డాడ్జ్ లాంటివి) వాళ్ళకి పాత సర్వీస్ అలాగే ఉంటుంది, వాటి విన్‌లో ఐదో అక్షరమే ఇంజిన్. 1968 మస్టాంగ్‌కి అక్కడ ఆర్ ఉంటే 428 కోబ్రా జెట్ (రెండో చోట ఆర్ ఉంటే శాన్ హోసే ప్లాంట్, ఇది చూసి ఎగిరి గంతేసి ఫోన్ చేసేవాళ్ళున్నారు). 1970 ప్లిమత్, డాడ్జ్‌లలో ఐదోది ఆర్ అయితే 426 హెమీ, వీ అయితే 440 సిక్స్ ప్యాక్ (ప్లిమత్‌లో దాని పేరు సిక్స్ బారెల్). కాకపోతే అది ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజిన్, ఇప్పుడు బానెట్ కింద ఉన్నది అదేనా అన్నది వేరే సంగతి.

పాంటియాక్ జీటీఓకి 1966–71లో విన్ మొదట్లో 242 ఉండాలి. 1964, 65 బళ్ళకి మాత్రం విన్‌లో జీటీఓ అని తేలదు, మాకు డబ్బులు కట్టకుండా నేరుగా పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) దగ్గర ఫ్యాక్టరీ పేపర్లు తెప్పించుకోండి, అది మా రిపోర్ట్ కంటే గట్టి రుజువు.

ఇంకోటి, విన్ ప్లేట్ ఊడదీసి పాలిష్ చేసి మళ్ళీ రివెట్లు కొట్టమని దయచేసి అడగొద్దు, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. ప్లేట్‌తో ఆడుకోవడం ఇక్కడ ఫెడరల్ నేరం. చెవీ రిపోర్ట్‌కి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, వాపస్ కావాలంటే వాపస్, లేదంటే ఇన్‌స్పెక్షన్ ఫీజులో తగ్గించేస్తాం.