జగదాంబ వెళ్ళే బస్సులో నా సంచి జిప్పు తీసిన కండక్టరమ్మ గారికి

గత సోమవారం ఉదయం ఎనిమిది గంటల వేళ విశాఖపట్నం ఎన్.ఎ.డి. కూడలిలో నేను ఎక్కిన జగదాంబ బస్సులో విధుల్లో ఉన్న కండక్టరమ్మ గారికి ఈ మాటలు చేరతాయో లేదో నాకు తెలియదు. ఆవిడ పేరు అడగాలన్న ధ్యాస ఆ క్షణాన లేకపోయింది. దిగిన తరువాత బస్సు కదిలిపోతుంటే అడగలేదే అని గుర్తుకొచ్చి రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను. వేళ్ళతో ఎక్కువసేపు రాయలేను కనుక నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది. మధ్యలో రెండుసార్లు ఆపాల్సి వచ్చింది.

నేను బడిలో తెలుగు చెప్పే పంతులమ్మను. గత సెప్టెంబరులో నాకు చికున్‌గున్యా వచ్చింది. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయే జ్వరం, దద్దుర్లు, మంచం మీద పక్కకు ఒత్తిగిలడానికి కూడా ఇంకొకరి చెయ్యి కావలసినంత నొప్పి. రక్తపరీక్షలో రోగం తేలాక, దీనికి ప్రత్యేకమైన మందంటూ లేదనీ, పారాసెటమాల్ వేసుకుని నీళ్ళు బాగా తాగి విశ్రాంతి తీసుకుంటే వారం పది రోజుల్లో లేచి తిరుగుతాననీ చెప్పారు. అయిదో రోజున జ్వరం తగ్గింది. నొప్పులు మాత్రం ఈ ఫిబ్రవరి దాకా నాతోనే ఉన్నాయి.

తెల్లవారుజామున మెలకువ రాగానే, కళ్ళు తెరవకముందే, దుప్పటి కింద పిడికిలి ముడిచి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. వేళ్ళు సగం దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి. ఆ సగం దగ్గరే నా రోజు ఎలా ఉండబోతోందో తెలిసిపోతుంది. కాఫీ ఫిల్టరు మూత తిరగదు, కుక్కరు మూత రాదు, తడి తువ్వాలు పిండలేను. ధనుర్మాసంలో ముప్ఫై ఏళ్ళుగా మానని ముగ్గు ఈసారి నా చేత్తో పడలేదు. మొదటి రోజు పంతం కొద్దీ గిన్నెలో ముగ్గుపిండి తీసుకుని వాకిట్లో వంగాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి నిలవక అంతా ఒకేచోట కుప్పగా జారిపోయింది. ఆ కుప్పను అరచేత్తో తుడిచేసి లోపలికి వచ్చి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. బడిలో నల్లబల్ల మీద నా అక్షరాలు చూసి పిల్లలు తమ దస్తూరి దిద్దుకునేవారు. ఇప్పుడు సుద్దముక్క పట్టుకుంటే రెండో పంక్తికే జారిపోతోంది.

నొప్పిని ఓర్చుకోవచ్చు. ఈ అయిదు నెలల్లో నన్ను లోపల్లోపల తినేసింది ఒక చిన్న ప్రశ్న: "ఇంకా తగ్గలేదా?" అడిగేవారిలో చాలామంది నా మేలు కోరేవారేనని నాకు తెలుసు. కానీ అది విన్న ప్రతిసారీ తగ్గకపోవడం నా తప్పేనన్నట్టు తల దించుకునేదాన్ని. కట్టు లేదు, కుంటు లేదు, ఇప్పుడు వాపు కూడా పెద్దగా కనబడదు, పరీక్షల కాగితాలన్నీ నార్మల్ అంటున్నాయి. అలాంటప్పుడు నా మాట తప్ప నా నొప్పికి సాక్ష్యం ఏముంది? కొన్నాళ్ళకు "తగ్గిందండీ" అని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. ఆ తరువాత మనుషులను తప్పించుకోవడం మొదలుపెట్టాను. మా చెల్లెలి గృహప్రవేశానికి కూడా ఏదో సాకు చెప్పి వెళ్ళలేదు. ఒక్కొక్క రాత్రి, నిజంగా నొప్పి ఉందా, లేక అది ఉందని నేనే ఊహించుకుంటున్నానా అని నా మీద నాకే అనుమానం వచ్చేది.

సోమవారం కీళ్ళవాతం డాక్టరు చూసే రోజు కాబట్టి బయలుదేరాను. మా వారికి ఉదయం డ్యూటీ, అమ్మాయికి పరీక్ష, అందువల్ల ఒక్కదాన్నే వెళ్ళాను. 2025 ఆగస్టు 15 నుంచి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తున్నారు కదా. ఆ కార్డు నా చేతిసంచి లోపలి అరలో ఉంది. సంచి జిప్పుకుండే చిన్న రేకును రెండు వేళ్ళతో పట్టి లాగాలి. ఉదయం పూట నా వేళ్ళకు అంతకంటే కష్టమైన పని లేదు. ఒకసారి లాగాను, రెండుసార్లు లాగాను, పళ్ళతో పట్టి లాగుదామా అనుకున్నాను. బస్సు నిండుగా ఉంది. వెనక ఎవరో "కార్డు ముందే తీసి పెట్టుకోవాలి కదండీ" అన్నారు. ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. డబ్బులిచ్చి టికెట్ తీసుకుందామన్నా ఆ డబ్బులు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి.

కండక్టరమ్మ గారు నా ముఖం చూడలేదు, నా చేతులు చూశారు. చూసి, మరేమీ అనకుండా టికెట్ యంత్రాన్ని భుజం వైపు నెట్టుకుని, నా సంచి జిప్పు తీసి, "లోపల అరలోనా అమ్మా?" అని అడిగి, కార్డు తీసి చూసి, మళ్ళీ అదే అరలో పెట్టారు. టికెట్‌ను నా వేళ్ళకు ఇవ్వకుండా కార్డు వెనకాల దోపారు. జిప్పును పూర్తిగా మూసేయకుండా నా వేలు దూరేంత సందు వదిలిపెట్టారు. అప్పుడు అడిగారు, చాలా మెల్లగా, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా:

"చికెన్‌గున్యానా అమ్మా? పొద్దున్నే ఎక్కువుంటాది కదా?"

అయిదు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. తగ్గిందా అని కాదు, ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది అని. అవునని తల ఊపబోయాను, కానీ గొంతు పూడుకుపోయి, నిండు బస్సులో, పరిచయం లేని మనుషుల మధ్య, నలభై ఆరేళ్ళ పంతులమ్మను చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ కంగారుపడలేదు. ఏడవొద్దని కూడా అనలేదు. ముందు సీటులో కూర్చున్న కుర్రాడిని లేపి నన్ను కూర్చోబెట్టి, మర్రిపాలెంలో ఎక్కినవారికి టికెట్లు కొట్టి మళ్ళీ నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నాకు రెండువేల ఆరులో వచ్చిందమ్మా. మా ఊరు ఊరంతా మంచం పట్టింది. అందరూ లేచి తిరిగేసినారు, నాకే ఏడాదిన్నర పట్టింది. చంటిపిల్లని ఎత్తుకుందామంటే చేతులు వచ్చేవి కావు. మా అత్త ఎత్తి ఒళ్ళో పెడితే పాలిచ్చేదాన్ని. పిల్లకి నేనక్కర్లేదేమో అనిపించేదమ్మా. ఆ పిల్లే ఇప్పుడు డిగ్రీ చదువుతోంది."

కంచరపాలెం దాటాక మళ్ళీ వచ్చి, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చేతులు పది నిమిషాలు ఉంచి, ఆ తరువాతే పనికి దిగమని చెప్పారు. "ఆలస్యమవుతాది గానీ తగ్గుతాదమ్మా" అన్నారు. ఆవిడ డాక్టరు కాదు. నాకూ అలాగే తగ్గుతుందని ఎవరూ రాసివ్వలేరని నాకు తెలుసు. అయినా ఆ మాట నా లోపలికి వెళ్ళినట్టు ఈ అయిదు నెలల్లో ఏ మాటా వెళ్ళలేదు. జగదాంబ దగ్గర నేను దిగేటప్పుడు డ్రైవరు గారితో ఒక్క నిమిషం ఆపమని చెప్పి, తానే ముందు దిగి, నన్ను పట్టుకుని దింపారు. నా మణికట్టు పట్టుకోలేదు, మోచేతికి పైన పట్టుకున్నారు. ఇంట్లో నన్ను కంటికి రెప్పలా చూసుకునేవారు కూడా ఆదరంతో మణికట్టే పట్టుకుంటారు, నేను పళ్ళ బిగువున ఊరుకుంటాను. ఎక్కడ పట్టుకోకూడదో తెలియాలంటే ఆ నొప్పి ఒకసారి ఒంటి మీదుగా వెళ్ళి ఉండాలి.

అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళి నాలుగు గంటలు చెక్కబల్ల మీద కూర్చున్నాను. ఈ విషయం రాయకుండా ఉందామనుకున్నాను కానీ ఉండలేకపోతున్నాను. జనరల్ మెడిసిన్ వారు ఎముకల విభాగానికి పంపారు, ఎముకల విభాగం వారు కీళ్ళవాతం విభాగానికి పంపారు, ఆ విభాగం వారానికి ఒక్కరోజే. నా వంతు వచ్చాక మూడు నిమిషాలు. డాక్టర్లను తప్పుపట్టడం లేదు, బయట ఎంతమంది ఉన్నారో నేను చూశాను. కానీ ఇన్ని నెలల్లో ఒక్క చోట కూడా, నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది అని ఒక్కరూ అడగలేదు. మందుల చీటీలో కీళ్ళకు చోటుంది, మనిషికి లేదు. సెలవు విషయమూ అంతే. ధ్రువపత్రంలో పనికి అర్హురాలు అని ఉండాలి, లేకపోతే అనర్హురాలు అని ఉండాలి. ఉదయం తొమ్మిదింటికి సుద్దముక్క పట్టలేక, మధ్యాహ్నం రెండింటికి పట్టగలిగే మనిషికి ఆ కాగితంలో గడి లేదు. "జ్వరం తగ్గింది కదా మేడమ్" అన్న మాట ఎన్ని బల్లల ముందు నిలబడి విన్నానో లెక్కలేదు. ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి బీమా కూడా వర్తించదన్నారు.

ఇంటికి వచ్చాక ఆ రోజంతా చదువుతూ కూర్చున్నాను. 1952లో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యికాలో, అంటే నేటి టాంజానియాలో, ఈ రోగాన్ని మొదట గుర్తించారట. నొప్పితో వంగిపోయిన మనుషులను చూసి అక్కడివారు తమ మకొండే భాషలో పెట్టుకున్న పేరే చికున్‌గున్యా. పేరు పెట్టినవారు ఆ వంగిపోవడాన్ని కళ్ళతో చూశారు, నమ్మారు. మన దేశంలో 1963లో కలకత్తాలో బయటపడి, ఆ తరువాతి రెండేళ్ళలో మద్రాసుతో పాటు మన విశాఖపట్నానికీ వచ్చింది. తరువాత దశాబ్దాల పాటు కనుమరుగై, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్ళీ తలెత్తి, 2006లో ఊళ్ళకు ఊళ్ళను మంచాన పడేసింది. కండక్టరమ్మ గారి ఊరూ వాటిలో ఒకటి. మూడు నెలలు దాటినా నొప్పులు పోనివారు చాలామందే ఉంటారనీ, వారిలో ఆడవారూ నలభై దాటినవారూ ఎక్కువనీ, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడతాయనీ చదివినప్పుడు, భయం కలగవలసిన చోట నాకు ఊరట కలిగింది. నేను ఊహించుకోవడం లేదు.

మంగళవారం నుంచి గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెడుతున్నాను. నొప్పి పోలేదు, కానీ ఆ పది నిమిషాలూ నా చేతుల మీద నాకు కోపం రావడం లేదు. నిన్న స్టాఫ్ రూములో ఒక సహోద్యోగిని "ఇంకా తగ్గలేదా?" అంటే "లేదండీ, ఉదయం పూట చాలా ఎక్కువగా ఉంటోంది" అని మొదటిసారి నిజం చెప్పాను. ఆవిడ నా ప్రీఫైనల్ జవాబుపత్రాల్లో సగం దిద్దడానికి తీసుకువెళ్ళారు.

మా వారు, అమ్మాయి, మా అత్తగారు చేసినదానికి విడిగా రాయనక్కరలేదు, వారు ఎలాగూ ఇది చదువుతారు.

కండక్టరమ్మ గారూ, మీరు ఎక్కడున్నా మీ చేతులు చల్లగా ఉండాలి. మీ అమ్మాయి డిగ్రీ బాగా పూర్తిచేయాలి. మీ పేరు తెలిసినవారు ఎవరైనా దీన్ని చదివితే, పేరు బయటపెట్టకుండా, ఎన్.ఎ.డి. దగ్గర ఎక్కిన పంతులమ్మ నమస్కారం చెప్పిందని మాత్రం చెప్పండి.

ఇంతా రాసి కొందరిని మరచిపోయాను, క్షమించాలి. నాకు సీటు ఇచ్చిన ఆ కుర్రాడు. ధనుర్మాసం నెలంతా తమ వాకిలితో పాటు మా వాకిట్లోనూ, నాకు చెప్పకుండానే, ముగ్గు పెట్టిన పక్కింటి అమ్మాయి. నేను చెబుతుంటే నల్లబల్ల మీద రాసిపెట్టే తొమ్మిదో తరగతి పిల్లలు. నరం దొరకక మూడుసార్లు గుచ్చవలసి వచ్చినప్పుడు ప్రతిసారీ క్షమించమన్న రక్తపరీక్ష కేంద్రంలోని అమ్మాయి. ఇంకా, మా వీధి చివర మందుల దుకాణంలోని అబ్బాయి. నేను ఎప్పుడూ అడగలేదు, కానీ సీసా మూతను ముందే ఒకసారి తిప్పి, వదులు చేసి, అప్పుడు సంచిలో వేసి ఇస్తున్నాడు.