మన కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ: 2021–22 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదిక మురుగు కాలువల పూడికతోనో, వీధి దీపాలతోనో మొదలవుతుంది. ఈసారి ఆ పనులు చివర్లో రెండు ముక్కల్లో ఉంటాయి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్‌తో పోయినవాళ్లకు పాడె మోసే నలుగురు కరువయ్యారు. దింపుడు కళ్లం దగ్గర చెవిలో పేరు పెట్టి పిలిచే అవకాశం కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. వారందరికీ నివాళులు.

బాధతో పాటు కోపం కూడా ఉంది. దాన్ని దాచుకుని నివేదిక రాయడం మాకు సబబు అనిపించలేదు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి అర్ధరాత్రి నుంచి దేశాన్ని మూసేశారు. మన ఊరి మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి వెంట ఒడిశా, బీహార్ వైపు పిల్లల్ని చంకనేసుకుని నడిచిన వలస కూలీలను ఈ జిల్లా అంతా చూసింది. మే 8న మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది మీదుగా గూడ్సు బండి వెళ్లింది. సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే, వలస కూలీల మరణాల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం చెప్పింది. మరుసటి ఏడు 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారు. జులై 20న రాజ్యసభలో, ఆక్సిజన్ కొరతతో మరణాలు జరిగినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా తెలపలేదని జవాబిచ్చారు. రెండుసార్లూ పోయినవాళ్లు లెక్కలోకి రాలేదు. అందుకే ఈ ఏడాది సంఘం రెండు పనులు పెట్టుకుంది: ఊపిరి అందించే సామాను సిద్ధంగా ఉంచడం, పోయినవారి పేరు సరైన కాగితంలో సరిగా పడేలా చూడడం.

ఆక్సిజన్ సామాను

ఇంట్లో ఆక్సిజన్ పెట్టడం చికిత్స కాదు, ఆస్పత్రిలో మంచం దొరికేదాకా ప్రాణం నిలబెట్టే ప్రయత్నం మాత్రమే. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో అంకె 94 కన్నా తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలికీ, చల్లబడ్డ వేలికీ అంకె తప్పు చూపుతుంది. వేలు రుద్ది వెచ్చబరిచి, నిమిషం ఆగి, నిలకడగా ఉన్న అంకెను రాసుకోవాలి.

సిలిండరుకు ముందుగా తెలియాల్సింది ఎంతసేపు వస్తుందన్న లెక్క. చిన్నదానిలో, అంటే బి రకంలో, నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. పెద్దదైన డి రకంలో సుమారు 7,000 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున వదిలితే చిన్నది 5 గంటలు, పెద్దది 23 గంటలు వస్తుంది. 10 లీటర్లకు పెంచితే అందులో సగమే. గేజి ముల్లు 150 దగ్గరుంటే నిండు, 75 అంటే సగం. ముల్లు సగానికి దిగిందంటే అప్పుడే రెండోదానికి కబురు చేయాలి. ఎర్ర గీత దాకా చూస్తూ కూర్చుంటే, నింపే చోట వరుస కదిలేలోపు ఇక్కడ అయిపోతుంది.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. రెగ్యులేటరుకూ సిలిండరుకూ మధ్య ఉండే వాషర్ పాత సిలిండరుతో పాటు వెళ్లిపోతుంది. అది లేకుండా ఎంత బిగించినా బుస్సుమని కారుతూనే ఉంటుంది. అందుకే ప్రతి సెట్టు సంచిలో అదనపు వాషర్లు, కీ పెట్టాం. మర తేలికగా తిరుగుతుందని నూనెగానీ గ్రీజుగానీ రాయకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పు లేకుండానే మండుతుంది. శానిటైజరు తడి ఆరని చేత్తో కూడా ముట్టొద్దు. ముందు ఫ్లో మీటరు (నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చూపేది) మూసి, తర్వాత సిలిండరు వాల్వును నెమ్మదిగా తెరవాలి. ఫ్లో మీటరును కంటికి ఎదురుగా పెట్టి, బంతి మధ్యభాగం ఏ గీత మీద ఉందో చూడాలి. పక్కనున్న సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు రెండు గీతల మధ్యనే ఉండాలి. ఎక్కువైతే నీళ్లు గొట్టంలోకి ఎక్కుతాయి. సీసా మూత వంకరగా పడితే బుడగలు రావు, రోగికి గాలీ అందదు. అనుమానమొస్తే గొట్టం కొసను గ్లాసు నీళ్లలో ముంచి చూస్తే తెలిసిపోతుంది. ముక్కు గొట్టానికి 5 లీటర్ల దాకా చాలు. మాస్కు పెడితే 5 కన్నా తగ్గించకూడదు, వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. దేవుడి దీపం, గ్యాస్ పొయ్యి, అగరొత్తులు ఆ గదిలో వద్దు. సిలిండరు నిలువుగా, గోడకు కట్టి ఉండాలి.

గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కరెంటు యంత్రాలు, అంటే కాన్సన్‌ట్రేటర్ల సంగతి వేరు. 5 లీటర్ల మంచి యంత్రం 90 శాతానికి పైగా స్వచ్ఛత ఇస్తుంది. ఆ రోజుల్లో 7 లీటర్లన్న బోర్డుతో అమ్మిన చిన్న యంత్రాల్లో వేగం పెంచేకొద్దీ స్వచ్ఛత సగం కన్నా కిందికి పడిపోతుంది. అందుకే విరాళంగా ఏ యంత్రం వచ్చినా, స్వచ్ఛత కొలిచాకే జాబితాలో చేర్చాలని కార్యవర్గం తీర్మానించింది. యంత్రాన్ని గోడకు ఓ అడుగు దూరంలో పెట్టాలి, కర్టెన్ చాటున పెట్టకూడదు. బయటి ఫిల్టరును వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. మన ఊళ్లో మే నెల సాయంత్రాలు వోల్టేజి పడితే యంత్రం కూతపెట్టి ఆగిపోతుంది, మామూలు ఇన్వర్టరు ఎక్కువసేపు మోయలేదు. యంత్రం ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక చిన్న సిలిండరు తోడుగా ఇవ్వడానికి కారణం ఇదే. 2020 ఆగస్టు 9న మన ఊళ్లోనే కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి 10 మంది పోయారు. కాబట్టి యంత్రం పెట్టే ముందు ప్లగ్గు, వైరింగు చూడనిదే సామాను దింపడం లేదు.

ఊపిరి సులువుగా అందేలా రోగిని బోర్లా పడుకోబెట్టడానికి మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, పిక్కల కింద రెండు కావాలి. తిన్న గంట దాకా వద్దు. గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బున్నవారు ఇలా పడుకోకూడదు. వాట్సాప్‌లో తిరిగిన చీటీ చూసి మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మింగడం చాలా ఇళ్లలో జరిగిన ఘోరం. అది ఆక్సిజన్ అవసరమైనవారికి, డాక్టరు చెప్పిన మోతాదులో వాడేది. తోడుగా షుగరు అదుపు తప్పినచోట బ్లాక్ ఫంగస్ వచ్చింది.

మరణ పత్రాలు, 50,000 రూపాయల సాయం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న ఇచ్చిన అంచనా ప్రకారం 2020, 2021లలో మన దేశంలో కోవిడ్ వల్ల, దాని పర్యవసానాల వల్ల అదనంగా పోయినవారు 47 లక్షలు. ప్రభుత్వ లెక్క 4.81 లక్షలు. లెక్కగట్టిన పద్ధతే తప్పని కేంద్రం అంది. ఆ వాదన నిపుణులు తేల్చుకుంటారు. కోవిడ్‌తో పోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే 50,000 రూపాయల సాయం కోసం మన దగ్గరకు వచ్చిన కాగితాల్లో మాత్రం "గుండె ఆగి మరణం" అన్న మాట పదేపదే కనిపించింది. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే. అది కారణమెలా అవుతుంది?

సభ్యులకు స్పష్టంగా చెప్పాల్సింది ఇది. మరణ పత్రంలో కోవిడ్ అని లేదన్న కారణంతో సాయం నిరాకరించకూడదని 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు చెప్పింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణిస్తే, ఇంట్లో పోయినా సరే, అర్హత ఉంటుంది. 30 రోజులు దాటినా ఆస్పత్రిలోనే చికిత్సలో ఉండి పోయినవారికీ వర్తిస్తుంది. కారణం మీద పేచీ వస్తే జిల్లా ఫిర్యాదుల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు.

దరఖాస్తులు వెనక్కి రావడానికి పెద్ద కారణం ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పరీక్ష రిపోర్టులో వెనక, మరణ పత్రంలో పొడి అక్షరం. మూడూ ఒకరివేనని అఫిడవిట్ ముందే జతచేయాలి. రిపోర్టు పోతే, నమూనా ఇచ్చిన రోజు ఏ ఫోను నంబరు రాయించారో గుర్తు చేసుకుని అందులో పాత మెసేజీలు వెతకాలి. మరణ పత్రం ఇచ్చేది మరణం జరిగిన ఊరి రిజిస్ట్రారు, నివాసం ఉన్న ఊరివారు కాదు. హైదరాబాదు తీసుకెళ్లగా అక్కడ పోయినవారి ఇళ్లవాళ్లు ఇక్కడి కార్యాలయం చుట్టూ తిరగడం వృథా. నమోదుకు మామూలు గడువు 21 రోజులు, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2021 మే నెలలో నమోదు కానివి 2022 మే నెలతో ఆ గీత దాటాయి. మిగతా వారసుల సమ్మతి పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ, బ్యాంకు పుస్తకం నకలు కూడా జతచేయాలి.

అర్హత లేనివారి కాగితాలు సంఘం తీసుకోదు. ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం దరఖాస్తులు తనిఖీ చేసేందుకు కోర్టు అనుమతించింది. దొంగ కాగితం ఒక్కటి దొరికినా నిజమైనవాళ్లందరినీ అనుమానంగా చూస్తారు.

ఇతర పనులు

కాలువల పూడిక వానలకు ముందే తీయించాం. రెండు దీపస్తంభాల పని మిగిలింది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

దరఖాస్తు గడువు

2022 మార్చి 20కి ముందు పోయినవారి దరఖాస్తులకు కోర్టు మార్చి 24 నుంచి 60 రోజులు ఇచ్చింది. అది 2022 మే 23తో ముగిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాం. ఇదివరకు కృష్ణా జిల్లా పేరున పెట్టినవారు తమ రసీదు నంబరు చెప్పి, ఫైలు ఏ కార్యాలయంలో ఉందో కనుక్కోవాలి. గడువులోపు పెట్టలేకపోయినవారు అందుకు బలమైన కారణం చూపి ఫిర్యాదుల కమిటీని ఆశ్రయించవచ్చని కోర్టు చెప్పింది. రాయడం రానివారికి, ఒంటరిగా మిగిలిన పెద్దలకు రోజూ సాయంత్రం 5 నుంచి 8 దాకా సంఘం గదిలో ఫారాలు నింపిపెడతాం. అసలు కాగితాలు వదిలిపెట్టి వెళ్లొద్దు, నకళ్లు చాలు.